ముందు ముద్ద

నూకరత్నానికి శాలువా కప్పిన రోజే ఆమె నాలుకకి సెలవిచ్చేశారు.

పెద్దాపురం దారిలో గన్నిరాజు గారి పెండలం మిల్లు ఉంది. ఆ పొద్దున మిల్లు ఆవరణలో షామియానా వేసి, మైకు పెట్టి, కొబ్బరాకుల తోరణం కట్టారు. పరిశోధన కేంద్రం నుంచి ఎనిమిది మంది పెద్దమనుషులు కార్లు దిగారు. వాళ్ళకి పెద్ద, డాక్టర్ భార్గవరామ్. ఆయన మైకు పట్టుకుని, "ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ తల్లి నాలుక ఈ ఊళ్ళని కాపాడింది. ఈ రోజు నుంచి ఆ నాలుక చిరంజీవి," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నూకరత్నం కూడా కొట్టింది. కొట్టే ముందు నాలుకని ఒకసారి పళ్ళకి ఆనించి, అది తన నోట్లోనే ఉందని రూఢి చేసుకుంది.

ఆమె పక్కనే బల్ల మీద ఇంకో శాలువా కప్పుకుని యంత్రం కూర్చుంది. మాటవరసకి కాదు, నిజంగానే కప్పారు. దాని పేరు రసజ్ఞ. ఇడ్లీ పాత్రంత ఉంటుంది. ముందువైపు అరచేతి వెడల్పున తెల్లటి పళ్ళెం, పైన రెండు దీపాలు. పళ్ళెంలో పిండిముద్ద పెడితే, మంచిదైతే పచ్చదీపం, చెడ్డదైతే ఎర్రదీపం.

"ఈవిడకి మూడు గంటలు పట్టేది. మన రసజ్ఞకి పది సెకన్లు చాలు!" అన్నాడు భార్గవరామ్.

నూకరత్నం పక్కకి వంగి, కేంద్రంలో పనిచేసే కౌముది అనే పిల్లతో అంది. "మా ఆయన కూడా అంతేనండి పాపగారూ. ఏదైనా పది సెకన్లలో తేల్చేసేవోడు. అందుకే తొందరగా ఎళ్ళిపోయాడు."

కౌముది నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎండలు ముదిరి, కాలవలు ఎండి, వరి పోయి ముప్పై ఏళ్ళు దాటింది. పల్లంలోనూ మెట్టలోనూ ఇప్పుడు ఎర్రపెండలమే పంట. జనం తినేది ఆ దుంప పిండే. అది చల్లని తల్లే గానీ కోపిష్టిది. వాన బొత్తిగా మొహం చాటేసిన పొలంలో దానికి విషం పడుతుంది. ఉడికించినా పోదు. ఒక్కోసారి రవ్వంత చేదు తగులుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. దానివల్ల ప్రాణం పోదు, వేళ్ళు పోతాయి. ముందు వేళ్ళ చివర్లు మొద్దుబారతాయి. ఒక ముద్దకి పట్టిన మొద్దు సాయంత్రానికి వదులుతుంది. నెలా నెలన్నరా రోజూ తిన్నవాడికి ఇక వదలదు. దాన్ని జనం మొద్దుచెయ్యి అంటారు. పట్నానికి పిండి పంపించి పరీక్ష చేయిస్తే జవాబు రావడానికి ఆరు రోజులు, తడిపిండి పులవడానికి మూడు రోజులు. అందుకని ప్రతి మిల్లులోనూ ముందు ముద్ద తినే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి ఎప్పుడూ ఆడమనిషే. మగాళ్ళ వేళ్ళతో దేశానికి ఇంకేవో అవసరాలున్నాయి కాబోలు.

ఈ పని నూకరత్నానికి అత్తగారు చెల్లాయమ్మ నేర్పింది. నేర్పిందంటే కూర్చోబెట్టి చెప్పింది కాదు. కొత్త కోడలు మొదటి రోజే ముద్ద నోట్లో వేసుకుని, చప్పరించి, "బాగుందత్తా, తియ్యగా ఉంది," అంది.

"బాగుందా? అయితే ఇంకో రెండు ముద్దలు తిను," అంది చెల్లాయమ్మ. తినిపించి, మిల్లు వెనక నూతి దగ్గర పీట వేసి, చేతికి సన్నసూది, దారం ఇచ్చింది. "కళ్ళు మూసుకుని ఎక్కించు. తీసి మళ్ళీ ఎక్కించు. ఈ రేకుల నీడ నూతి గట్టు తాకేదాకా ఇదే నీ పని."

రెండు గంటలు దాటాక సూది ఎక్కడుందో వేళ్ళకి తెలియలేదు. నూకరత్నం కళ్ళు తెరిచి చూసేసరికి సూది బొటనవేలులో సగం దిగి ఉంది. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే ఆమెని వణికించింది. రెండు రోజులు జాకెట్ హుక్కులు కూడా అత్తగారే పెట్టింది, పెట్టినప్పుడల్లా, "తియ్యగా ఉందా అమ్మా?" అని అడిగింది. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళలో నూకరత్నం ఏ పిండినీ తియ్యగా ఉందని అనలేదు.

కేంద్రం వాళ్ళు పద్నాలుగు నెలలు ఆమెని చదువుకున్నారు. తలకి పట్టీ కట్టారు, నాలుక మీద తీగలు ఆనించారు, ఎదురుగా కెమెరా పెట్టారు. కుండలోంచి ఆమె ఒక ముద్ద తీసి నోట్లో వేసుకుంటే, అదే చేత్తో ఇంకో ముద్ద రసజ్ఞ పళ్ళెంలో పెట్టాలి. మధ్యాహ్నం ఆమె మంచీ చెడ్డా చెప్పాక దాన్ని యంత్రానికి చెప్పేవారు. ఇలా మూడు వేల ముద్దలు.

ఈ మధ్యలో ఒక రోజు ఆమె తెలివి కూడా కొలిచారు. కాగితం మీద ఒక చదరం, ఒక ముక్కోణం, ఒక సున్నా గీసి, "తర్వాత ఏం వస్తుందమ్మా?" అని అడిగాడు భార్గవరామ్.

"ఏదొచ్చినా తినేది కాదు కదండీ," అంది నూకరత్నం.

ఇలాంటివి నలభై అడిగారు. రాసుకున్న కాగితం కౌముది బల్ల మీద వదిలేసి వెళ్ళింది. అప్పటికి నూకరత్నం కూతురి దగ్గర అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టి ఏడాది అవుతోంది. ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ చదివింది. 'తెలివి: సగటు కన్నా తక్కువ. నాలుక: అసాధారణం.' ఓహో, అనుకుంది. వీళ్ళకి కావలసింది నాలుక. దాని వెనక నేనుండటమే వీళ్ళకి అడ్డం.

ముద్ద తిన్నాక మూడు గంటలు ఆమె నూతి దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తుంటే, కేంద్రం వాళ్ళు తలపట్టీ విప్పేసి టీకి వెళ్ళేవారు. ఆ సమయానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'ఖాళీ సమయం'. కౌముది ఒక్కతే ఒకసారి అడిగింది.

"ఈ మూడు గంటలూ ఏం ఆలోచిస్తారు మామ్మగారూ?"

"తప్పయితే ఏటవుద్దోనని."

కౌముది ఆ ముక్క రాసుకుంది. భార్గవరామ్ దాన్ని కొట్టేశాడు. "మనకి భావాలొద్దు కౌముదీ, రుచి కావాలి. తీర్పు నాలుక మీద పది సెకన్లలోనే తయారైపోతుంది. మిగతా అంతా ఆవిడ అలవాటు, చాదస్తం."

ఆఖరి పరీక్ష నూరు ముద్దలకి పెట్టారు. ఎప్పటిలాగే నూకరత్నం తినేది, రసజ్ఞకి పెట్టేది. తొంభై ఏడింటికి ఇద్దరి మాటా ఒకటే. పేపర్లో ఫోటో వేశారు. ఫోటోలో యంత్రం ఉంది, భార్గవరామ్ ఉన్నాడు, నూకరత్నం మోచెయ్యి ఉంది.

శాలువా కప్పించుకున్న పదిహేను రోజులకి ఆమె తన పీటా, సూదుల డబ్బా తెచ్చుకుందామని మిల్లుకి వెళ్ళింది. ఉడికిన పిండికుండలు వరసగా పెట్టి ఉన్నాయి. తెల్లకోటు తొడుక్కున్న ఒక అమ్మాయి చెంచా నిండా పిండి తీసి, పైన కత్తితో గీసి సమం చేసి, పళ్ళెంలో పెడుతోంది. రవ్వ ఎక్కువా లేదు, రవ్వ తక్కువా లేదు. పచ్చదీపం. ఇంకో కుండ. పచ్చదీపం. ఇంకోటి. పచ్చదీపం.

మూడో కుండ తాలూకు బస్తా పక్కనే నిలబెట్టి ఉంది. దాని అడుగంచున ఎర్రమట్టి అంటి ఉంది. పల్లం బస్తాకి నల్లమట్టి అంటుతుంది. ఎర్రమట్టి అంటే కొండకింది మెట్ట. కొండకింద ఈ ఏడు చినుకు పడలేదు. తన రోజుల్లో తొమ్మిది బస్తాలకి ఒకటి పారబోయించేది. "ఇప్పటికెన్ని పారబోశారండీ?" అని ఆ తెల్లకోటు అమ్మాయిని అడిగింది.

"ఒక్కటీ లేదండి. సార్ అన్నారు, ఇన్నాళ్ళూ మీ భయం వల్ల మంచి పిండి వృథా అయిందట."

నూకరత్నం నోరు తెరిచింది. ఈలోగా గన్నిరాజు గారు గదిలోంచి వచ్చి, "ఏంటి రత్నం, సవతిని చూసి పోదామని వచ్చావా?" అన్నారు. అమ్మాయి నవ్వింది. బస్తాలు మోసేవాళ్ళూ నవ్వారు.

తెరిచిన నోరు మూసేసింది నూకరత్నం. చదువుకున్నోళ్ళు చెప్పాక మనదేముంది. వేళ్ళు పోతే తెలుసుకుంటారు. తెలుసుకుని, కార్లేసుకుని మళ్ళీ గుమ్మంలోకి వస్తారు. అప్పుడు చూద్దాం ఎవరు సవతో. పీట చంకన పెట్టుకుని, సూదుల డబ్బా గలగలలాడించుకుంటూ ఇంటికి వచ్చేసింది.

ఆ రోజు నుంచి ఆమె ఆ పిండి ముట్టలేదు. పాతకాలపు చోళ్ళు ఎక్కడో సంపాదించుకుని జావ కాచుకునేది.

"అదేంటమ్మా, ఇంత మంచి పిండి ఉంచుకుని ఆ మట్టిజావ తాగుతావు?" అంది కూతురు వీరవేణి.

"నోరు చచ్చిపోయిందే. అంతే."

అంతే కాదు. కానీ చెప్పలేదు. చెబితే వీరవేణి మిల్లుకి పరిగెత్తుతుంది, గొడవ పెడుతుంది, ఆ పెద్దమనుషులకి వాళ్ళ తప్పు అప్పనంగా తెలిసిపోతుంది. కొన్నాళ్ళు తిననీ. ఊరు తిననీ. ఊళ్ళో తన కూతురు కూడా ఉందన్న సంగతి నూకరత్నం మర్చిపోలేదు. నాలుగు రోజుల్లో వాళ్ళే పరిగెత్తుకొస్తారులే అనుకుంది. నాలుగు పది అయింది, పది నలభై అయింది. చిత్తం మీద పొగరు కూర్చుంటే రోజులు ఇలాగే నడుస్తాయి.

వీరవేణి బట్టలు కుడుతుంది. కాజాలు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమె తర్వాతే ఎవరైనా. ఆమె కుట్టిన కాజా మీద వేలు పెట్టి చూస్తే దారం ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియదు. నలభయ్యో రోజు మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని, బడిపిల్లల తెల్లచొక్కాలకి కాజాలు కుడుతోంది. నూకరత్నం ఎదురుగా చోళ్ళు చెరుగుతోంది. ఇద్దరూ పక్కింటావిడ కోడిపుంజు గురించి ఏదో మాట్లాడుకుంటున్నారు. చొక్కా మీద ఎర్రటి చుక్క పడింది. పక్కనే ఇంకో చుక్క.

వీరవేణి మాట్లాడుతూనే ఉంది.

"వేణీ," అంది నూకరత్నం.

"ఆ?"

"నీ ఏలు చూసుకోవే."

సూది చూపుడువేలు గోరు కిందికి దిగి ఉంది. వీరవేణి దాన్ని చూసి, మరెవరిదో వేలయినట్టు మరికాసేపు చూసి, సూది లాగేసింది. "ఈమధ్య కొంచెం తిమ్మిరిగా ఉంటోంది. వంగి కూర్చోడం వల్లనుకున్నాను." బొటనవేలితో చూపుడువేలు నలిపింది. "అమ్మా, ఏంటిది? ఏమీ తెలియట్లేదు."

చేటలో చోళ్ళు నేలపాలయ్యాయి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గుండుసూదితో ఒక్కో వేలూ గుచ్చి చూసింది. కుడిచేతి మూడు వేళ్ళు. "ఇక తినకపోతే మిగతావి దక్కుతాయి. ఈ మూడూ కష్టం," అంది. ఆ వారంలో ఇది పంతొమ్మిదో కేసట. వరండాలో పాలు పితికే సింహాచలం కూర్చుని ఉన్నాడు, చేతులు ఒళ్ళో బోర్లించుకుని. పొదుగు పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియడం లేదని చెప్పాడు.

ఇంటికి వచ్చేటప్పుడు దారిలో వీరవేణి అడిగింది. "నీ వేళ్ళకేం కాలేదేం?"

నూకరత్నం నడుస్తూనే ఉంది.

"చోళ్ళు తిన్నావు నువ్వు. నలభై రోజులు." వీరవేణి ఆగిపోయింది. "అమ్మా, నీకు ముందే తెలుసా?"

"తెలుసని కాదే. అనుమానం."

వీరవేణి ఇంటికి వచ్చి కాజాల చొక్కాలన్నీ మడతపెట్టి, ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే నూకరత్నం పరిశోధన కేంద్రం గుమ్మంలో నిలబడింది. భార్గవరామ్ ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఓపిగ్గా చెప్పాడు. చిన్నపిల్లలకీ పెద్దచెవుడు ఉన్నవాళ్ళకీ చెప్పే ఓపిక అది.

"చూడండమ్మా. మొద్దుచెయ్యి సవాలక్ష కారణాల వల్ల రావచ్చు. రసజ్ఞ నలభై రకాల రుచులు పట్టగలదు. మీ మూడు వేల తీర్పుల నుంచి నేర్చుకుంది. మీరు కనిపెట్టగలిగిందల్లా అది కనిపెడుతుంది. నూటికి తొంభై ఏడు."

"నా నాలిక్కి ఏవీ తెలవదండి," అంది నూకరత్నం.

"అంటే?"

"చేదుంటే తెలుత్తాది. చేదు లేనిదాంట్లో కూడా ఇసం ఉంటాది. నాకు తెలిసేది మజ్జానం, సూది దగ్గర. మీరు టీకెళ్ళినప్పుడు."

భార్గవరామ్ నవ్వాడు. "మరి తెలియకపోతే రసజ్ఞ తొంభై ఏడు ఎలా తెచ్చుకుంటుంది? గాల్లోంచా?"

ఆ ప్రశ్న మాత్రం సరైనదే. అది నూకరత్నాన్ని కూడా దారంతా తొలిచింది. నాలుక చెప్పనిది ఆ పెట్టెకి ఎవరు చెప్పారు? దాని పళ్ళెంలో ముద్ద పెట్టింది తన చెయ్యొక్కటే. కౌముది వైపు తిరిగి, "పాపగారూ, నా చెయ్యి బొమ్మలు ఉన్నాయా? అవొకసారి చూపించండి," అంది.

కౌముది కెమెరా తీసిన కదిలే బొమ్మని గోడ మీద వేసింది. నూకరత్నం తన చెయ్యిని తను ఎప్పుడూ అంత పెద్దగా చూసుకోలేదు. నల్లమట్టి బస్తా. చెయ్యి కుండలోకి వెళ్ళి ఉసిరికాయంత ముద్ద తీసింది. ఒకటి నోట్లోకి, ఇంకోటి పళ్ళెంలోకి. ఇంకో నల్లమట్టి బస్తా. ఉసిరికాయంత. ఎర్రమట్టి బస్తా. చెయ్యి కుండ అంచు దగ్గర ఒక్క క్షణం ఆగి, బఠాణీగింజంత తీసింది. నోట్లోకి బఠాణీగింజంత, పళ్ళెంలోకీ బఠాణీగింజంత. అనుమానం ఉన్న కుండకి ముందు చిన్నముద్ద తినడం, గంటాగి వేళ్ళు బాగుంటే పెద్దది తినడం ఆమె అలవాటు. తీస్తున్నప్పుడు అలవాటని కూడా తెలియదు. భయం చేతికి తెలుసు, తనకి తెలియదు.

"ఆపండి," అంది. కుర్చీలోంచి లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ఆ పెద్దచేతిని తాకి చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది. "డాట్రుగారండీ, మీ పెట్టె ఇసం నేర్చుకోలేదు. నా బయం నేర్చుకుంది. చిన్నముద్ద పెడితే చెడ్డది, పెద్దముద్ద పెడితే మంచిది. ఇప్పుడు మీరు చెంచా గీసి పెడతన్నారు. అందుకే అన్నీ మంచివే."

కౌముది వేళ్ళు కంప్యూటర్ మీద పరిగెత్తుతున్నాయి. ఆమె పళ్ళెంలో పడిన ముద్దల బరువులు పైకి తీస్తోంది. తీసేకొద్దీ మొహంలో రంగు తగ్గుతోంది. "సార్," అంది. "బరువు తీసేసి చూస్తే ఏమీ మిగలట్లేదు సార్."

భార్గవరామ్ తెర వైపు చూడలేదు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాడు కుందేలు పరిగెత్తుతున్నా లెక్కపెట్టడు. "ఒక అలవాటు ఆధారంగా అంతర్జాతీయంగా గుర్తింపు వచ్చిన వ్యవస్థని..." అని మొదలుపెట్టాడు.

"ఆదివారం మిల్లుకి రండి. ముందు ముద్ద తిందురుగాని," అంది నూకరత్నం. "నాకు నేర్పినట్టే నేర్పుతాను. నాలాగే మీరూ తిని, మీ చేత్తోనే దానికి పెట్టండి. పచ్చదీపం ఎలిగితే ఇంకెప్పుడూ మీ గుమ్మం తొక్కను."

వరండాలో వింటున్నవాళ్ళు ఎక్కువమందే ఉన్నారు. కాదనడానికి ఆయనకి దారి దొరకలేదు.

శనివారం నూకరత్నం మిల్లుకి వెళ్ళి, పల్లం నుంచి వచ్చిన నల్లమట్టి బస్తా ఒకటి ఎంచి, అందులో పిండి ఉడికించి, తను పెద్దముద్ద తిని నూతి దగ్గర కూర్చుంది. నీడ గట్టు తాకే దాకా సూది ఒక్కసారి కూడా తప్పలేదు. నిక్షేపం లాంటి పిండి. అప్పుడు లేచి కొండదారికి నడిచి, కొంగులో ఎర్రమట్టి పట్టుకొచ్చి, నీళ్ళతో కలిపి ఆ బస్తా అంచంతా పూసింది. ఈ పనిలో ఆమెకి సాయం కౌముది. మట్టి ఎంత పూయాలో కూడా కౌముదే చెప్పింది. చదువు వృథా పోదు.

ఆదివారం మిల్లు నిండా జనం. మొద్దుచేతుల వాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. సింహాచలం వచ్చాడు. వీరవేణి రాలేదు. గన్నిరాజు గారు కొబ్బరాకుల తోరణం జోలికి వెళ్ళలేదు.

కుండ ముందు పెట్టారు. పక్కన బస్తా, దానికి ఎర్రమట్టి.

"ఇదెక్కడి పిండి?" అన్నాడు భార్గవరామ్. చూపు మట్టి మీద ఉంది. పద్నాలుగు నెలల్లో ఆయన ఆ మిల్లులో నేర్చుకున్న ఒకే ఒక్క పాఠం అదే, అది కూడా మొన్న గోడ మీద బొమ్మ చూసి.

"మీరు పచ్చదీపం ఎలిగించాక జనం తింటన్నారే, ఆ మిల్లు పిండేనండి," అంది నూకరత్నం. "తినండి. మీ నోట్లో కొంత, దాని నోట్లో కొంత. సమానంగా పెట్టాలి సుమండీ, అదీ మీ బిడ్డే కదా."

ఆయన చెయ్యి కుండ దాకా వెళ్ళి ఆగింది. ముందు వరసలో బోర్లించిన చేతుల వైపు చూశాడు. తర్వాత రెండు వేళ్ళ చివర్లతో, చీమకి పెట్టేటంత తీసుకుని నాలుక మీద వేసుకున్నాడు. ఇంకో చీమకి పెట్టేటంత పళ్ళెంలో పెట్టాడు.

ఎర్రదీపం వెలిగింది.

ఎవరో ఫక్కుమన్నారు. నూకరత్నం తను కుండలోంచి ఉసిరికాయంత ముద్ద తీసి నోట్లో వేసుకుని, అంతే ముద్ద పళ్ళెంలో పెట్టింది. పచ్చదీపం వెలిగింది. అదే కుండ, అదే పిండి. సింహాచలం లేచి వచ్చి తన మొద్దువేళ్ళతో ఇంకో గోరంత పెట్టాడు. ఎర్రదీపం. అరచేత్తో పెద్దముద్ద పెట్టాడు. పచ్చదీపం. జనం నవ్వడం మానేశారు. ఒకావిడ ఏడవడం మొదలుపెట్టింది.

భార్గవరామ్ మొహం పాలిపోయి ఉంది. అది ఓడిపోయినందుకు కాదు. "నేను తిన్నది... అది..." అన్నాడు.

నూకరత్నం పీట తెచ్చి నూతి దగ్గర వేసింది. సన్నసూది, దారం ఆయన చేతిలో పెట్టింది. "కళ్ళు మూసుకుని ఎక్కించండి. తీసి మళ్ళీ ఎక్కించండి. ఆ నీడ ఈ గట్టు తాకేదాకా."

పెద్దమనిషి పీట మీద కూర్చున్నాడు. నుదుటి మీద చెమట. దారం తప్పినప్పుడల్లా వేళ్ళని నోటితో ఊదుకుంటున్నాడు, ఒకదానికొకటి రాసుకుంటున్నాడు, గోరుతో గిల్లుకుంటున్నాడు.

కౌముది దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగింది. "చెప్పేద్దామా మామ్మగారూ? అది మంచి పిండేనని?"

"మూడు గంటలు కానీండి పాపగారూ. మజ్జలో లేపితే పాఠం కత్తిరించినట్టవుద్ది. కత్తిరిస్తే ఏటవుద్దో చూశారు కదా." కొంగు దులుపుకుంది. "ఖాళీ సమయం. రాసుకోండి, ఆయనేటి ఆలోచిస్తారో."

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం ఎండ చుర్రుమంటోంది. వీరవేణి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఎడమచేత్తో సూది పట్టుకుని, కుడిచేతి చిటికెన వేలితో దారం నెట్టడానికి చూస్తోంది. దారం చివర తడిసి, చీలిపోయి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో.

నూకరత్నం సూది అందుకుని, దారం కొరికి, కళ్ళు మూసుకుని ఒక్కసారిలో ఎక్కించి ఇచ్చింది. జరిగిందంతా చెప్పింది. ఎర్రదీపం దగ్గర వీరవేణి నవ్వింది కూడా, ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి.

"ఇప్పుడాయన నూతి దగ్గరే ఉన్నాడా?"

"సూదితో కుస్తీ పడతన్నాడు. ఏళ్ళు పోయాయనే అనుకుంటన్నాడు. ఇంకా గంటన్నర ఉంది."

"మంచి పిండని చెప్పలేదా?"

"చెప్పనే. తెలుసుకోనీ."

వీరవేణి సూదిని గుడ్డకి గుచ్చి, వేళ్ళు దాని మీద ఉన్నాయో లేదో కళ్ళతో చూసుకుంది. "తెలిసి చెప్పకుండా ఉండటం నీకు బాగానే వచ్చమ్మా," అంది. "నా వేళ్ళ మీదే నేర్చుకున్నావు."

గదిలో కుట్టుమిషను మీద గడియారం టిక్కుటిక్కుమంటోంది. నూకరత్నం గుమ్మం దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, కుండలోంచి మంచినీళ్ళు ముంచుకుని తాగకుండానే మళ్ళీ కుండలో పోసేసింది. తర్వాత పైట నెత్తి మీదికి లాక్కుని, ఆ మండుటెండలో మిల్లు వైపు నడిచింది. మొదట మామూలుగా నడిచింది. సందు మలుపు తిరిగాక పరిగెత్తింది.